ఇత్తడి చెంచా, బెండు కప్ప

చేపకు ఆకలేసి గాలం మింగుతుందని నమ్మేవాళ్లు బజారులో కొనుక్కుని తినడం మేలు. వానపామునో పిండి ఉండనో గుచ్చి, ఒడ్డున కూర్చుని కునికిపాట్లు పడేవాళ్లకు ఆ నమ్మకం సరిపోతుందేమో. ఉత్తుత్తి ఎరతో కొరమీనును పట్టేవాడికి సరిపోదు. కొరమీను సగం సార్లు కోపంతో కరుస్తుంది. తన చోటుకు ఎవడో వచ్చాడని కరుస్తుంది. రేకు ముక్కనో చెక్క ముక్కనో నీళ్లలో లాగి దానికి ఆ కోపం తెప్పించడమే విద్య. లాగడం చేతగానివాడు ఎంత మంచి ఎర కట్టినా అది బూడిదలో పోసిన పన్నీరే.

ఈ విద్యలో నేను ఇత్తడి చెంచా పక్షం. అతను బెండు కప్ప పక్షం. అతనంటే నిజాం సర్కారు రోజుల్లో మా దఫ్తరులో నక్షాలు గీసిన డ్రాఫ్ట్స్‌మన్. నేను అదే దఫ్తరులో రికార్డు గుమాస్తాను. ఏ దఫ్తరో చెప్పను, చెప్పి ఎవరినీ ఉద్ధరించేది లేదు. సికింద్రాబాదులో మా ఇంటికీ అతని ఇంటికీ రెండు గల్లీల దూరం. మా తాత గుంటూరు వైపు నుంచి మిషను బడి పంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అతని వాళ్లు అంతకు ముందు ఎన్ని తరాల నుంచో ఇక్కడివాళ్లే. అతను ముసల్మాను, నేను క్రైస్తవుణ్ణి. మమ్మల్ని కలిపింది మతసామరస్యం లాంటి పెద్ద మాటలేవీ కాదు, కొరమీను.

కంటోన్మెంటులో గోరా పటాలం ఏదైనా మారి వెళ్లేటప్పుడు సామాను వేలం వేసేవాళ్లు. అక్కడ దొరికిన రెండు పాత రీళ్లు, రెండు వెదురు రాడ్లు మా ఆస్తి. పట్టు తాడును వాడిన ప్రతిసారీ ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. మా ఆవిడ బట్టలు ఆరేసుకునే తీగ మీద ఆ తాడు చుట్లు చుట్లుగా వేలాడుతుంటే ఆమె ఏమనేదో ఇక్కడ రాయను. ఎరలు మాత్రం మేమే చేసుకునేవాళ్లం. నక్షాలు గీసే చెయ్యి కదా, అతను చేసినవి ముచ్చటగా ఉండేవి. నేను చేసినవి పనిచేసేవి, అంతే.

చెంచా అంటే నిజంగా చెంచానే. ఇత్తడి చెంచాకు కాడ కోసేసి, రెండు చివరలా బెజ్జాలు పొడిచి, ఒక పక్క తాడు, ఒక పక్క మూడు కొక్కేల గాలం తగిలించాలి. విసిరాక కాస్త మునగనివ్వాలి. తర్వాత నిదానంగా, ఒకే తీరున చుట్టుకుంటూ రావాలి. వేగం ఎక్కువైతే గిరగిరా తిరిగి తాడంతా మెలిపెడుతుంది. తక్కువైతే అడుగున రాయిని కావలించుకుంటుంది. సరైన వేగంలో అది అటూ ఇటూ పొర్లుతూ, దెబ్బ తిన్న పరిగె చేపలా మెరుస్తూ వస్తుంది. మధ్యలో ఒక్క క్షణం చుట్టడం ఆపితే ఊగుతూ కిందికి జారుతుంది. పెద్ద చేపలు ఆ జారుడులోనే కొడతాయి. ఒక పూటలో చెరువు సగం వెతకవచ్చు చెంచాతో. దాని ఐబు ఒక్కటే, నాచు కనబడితే చాలు వెళ్లి చుట్టుకుంటుంది.

బెండు కప్ప సంగతి వేరు. సీసా బిరడా బెండును కప్ప ఆకారంలో చెక్కి, మేక వెంట్రుకలతో కాళ్లు కట్టి, గాలం మొనలు వీపు మీదికి తిప్పి పెట్టేవాడు అతను. అలా మొనలు పైకి ఉంటే నాచులోనూ తామరాకుల మీదా తగులుకోకుండా జారుతుంది. దాన్ని ఆకు మీద పడేట్టు విసిరి, నీటి మీద లేచిన వలయాలన్నీ చచ్చేదాకా కదపకూడదు. తర్వాత ఒక జానెడు లాగాలి. ఆపాలి. మళ్లీ జానెడు. నాకు ఈ ఓపిక ఏనాడూ లేదు. నేను లాగుతుంటే అతను పక్కన నిలబడి వెటకారం చేసేవాడు. "జెర ఆగు భాయ్. అది కప్పనా, టపా బండినా?" అనేవాడు. కొరమీను బెండును కొట్టిన చప్పుడు వినగానే రాడ్డు ఎత్తేస్తే అంతా పోయినట్టే. నోట్లోకి తీసుకుని, తల తిప్పి, తాడు కదిలేదాకా ఆగాలి. మూడు అంకెలు లెక్కపెట్టమనేవాడు, నేను రెండుకే రాడ్డు ఎత్తేసేవాణ్ణి.

మూడోది చెక్క చేప. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తెప్పించి చెక్కి, మూతి దగ్గర కిరసనాయిలు డబ్బా రేకు ముక్క నాలుకలా బిగించేవాళ్లం. లాగితే మునుగుతుంది, ఆపితే తేలుతుంది. నాచు లేని లోతు నీళ్లలో దాన్ని మించింది లేదని ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. మేం ఒప్పుకున్న విషయాలు బహుశా రెండే. ఒకటి చెక్క చేప. రెండోది మౌలాలి.

మౌలాలి గుట్ట వెనకాల ఒక కుంట ఉండేది. చెరువు అనడానికి చిన్నది, గుంట అనడానికి పెద్దది. అంత పెద్ద కొరమీన్లు అక్కడ ఉన్నాయని మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదని మా గట్టి నమ్మకం. సర్కారు దఫ్తర్లకు అప్పుడు శుక్రవారం సెలవు. అతను మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చేవాడు. నేను సైకిలు మీద అతన్ని ఎక్కించుకుని గుట్ట వెనక్కి తొక్కేవాణ్ణి. పొడుగాటి గుడ్డ సంచిలో రాడ్లు అతని భుజానికి ఉండేవి. ఎవరైనా ఎక్కడికి అంటే బొల్లారం చెరువుకు అని చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాం. గాలం వేసేవాడు చోటు చెప్పడం అంటే ఇంటి తాళం చెవి దారిన పోయేవాడికి ఇవ్వడమే. ఇంట్లో ఆడవాళ్లకు కూడా బొల్లారం అనే చెప్పాం. మా పెద్ద గుమాస్తా ఒకాయన మా మాట నమ్మి మూడు శుక్రవారాలు బొల్లారం వెళ్లి, జలుబుతో తిరిగి వచ్చాడు. మేం రికార్డు గదిలో తలుపు మూసుకుని నవ్వుకున్నాం. ఆ అబద్ధం ఆడీ ఆడీ నా నాలుకకు అలవాటైపోయింది. నిద్రలో లేపి అడిగినా బొల్లారం అనేవాణ్ణి.

మా మధ్య ఇంకో నియమం ఉండేది. అది అతను పెట్టింది. వానాకాలంలో కొరమీను పిల్లల్ని పెడుతుంది. ఎర్రటి ముద్దలా వేలకొద్దీ పిల్లలు ఒక్కచోట తేలుతుంటాయి, నీటి మీద చినుకులు పడ్డట్టు బుడగలు లేస్తుంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ ముద్ద మీదుగా ఏ ఎర లాగినా సరే, చెంచా అయినా చెప్పు ముక్క అయినా సరే, కాపలా చేప వచ్చి కొడుతుంది. అలా పట్టడానికి విద్య ఏదీ అక్కరలేదు. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు నిమిషాల్లో ఊడ్చేస్తాయి. అందుకని పిల్లల ముద్ద కనబడితే అతను రాడ్డు కింద పెట్టేసి బీడీ ముట్టించేవాడు. నేనూ పెట్టేవాణ్ణి, లోపల సణుక్కుంటూ.

నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయింది. వారం తిరక్కుండా రాజ్యం మారింది. దఫ్తరు గోడ మీద పటం మారింది. ఉర్దూలో నడిచే ఫైళ్లు మెల్లగా ఇంగ్లీషులోకి వచ్చాయి. సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి వచ్చింది. అంతవరకు ఆదివారం ఆరాధనకు వెళ్లడానికి పైవాళ్ల పర్మిషను అడుక్కునేవాణ్ణి. ఆ తక్లీఫు తప్పిందని సంతోషించాను. అబద్ధమెందుకు, చాలా సంతోషించాను. అతని ముఖం వైపు అప్పుడు పెద్దగా చూసినట్టు లేదు.

కొన్నాళ్లకు అతని మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. యాక్షనుకు ముందు ఊళ్లో ఖాకీలు తొడుక్కుని కవాతు చేసిన దళం ఉండేది కదా, అతనూ అందులో ఉన్నాడని రాశారట. అంతవరకే మాకు తెలిసింది. ఎవరు రాశారో ఈనాటికీ తెలీదు. అతన్ని సస్పెండు చేశారు. విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. మొదట్లో వారానికోసారి వెళ్లి పలకరించేవాణ్ణి. తర్వాత రెండు వారాలకోసారి. అతనింటికి ఎవరెవరు వస్తున్నారో గల్లీలో చూస్తున్నారని ఎవరో అన్నారు. చూస్తే చూడనీ అనే ధైర్యం నాకు ఉండి ఉంటే ఈ కథే లేదు.

మరుసటి వానాకాలానికి గానీ విచారణ అధికారి రాలేదు. మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు, తెలుగువాడే. ఒకరోజు నాకు పిలుపు వచ్చింది. నాకు మనసులో ఒక్కటే ఉంది. శుక్రవారం శుక్రవారం మేమిద్దరం కలిసి చేపలకు వెళ్లేవాళ్లం, అతనికి కవాతు చేసే తీరిక ఎక్కడిది, ఇంతే చెప్పాలి. ఆ ఒక్క మాటతో అతని ఉద్యోగం నిలబడుతుంది. బల్ల ముందు కూర్చున్నాక చూస్తే కాగితాల మీద బరువుకు పెట్టింది ఒక ఇంగ్లీషు చెంచా ఎర. వెండిలా మెరుస్తోంది. నా కళ్లు దాని మీదే ఉండడం ఆయన గమనించాడు.

"మీరూ గాలం వేస్తారటగా" అన్నాడు నవ్వుతూ.

ఊరు అడిగాడు. తాతది గుంటూరు వైపు అంటే, మాది తెనాలి దగ్గరేనండీ అన్నాడు. మా ఇంట్లో ముసలివాళ్లు మాట్లాడే తెలుగు అది. దఫ్తరులో ఒక పెద్ద అధికారి నోట ఆ తెలుగు వినడం నాకు అదే మొదలు. నేను కరిగిపోయాను. చెంచా మేలా, చెక్క మేలా అని కాసేపు మాట్లాడుకున్నాం. తాడు మెలిపడకుండా ముందర తిరుగుడు కడియం వేస్తారా అని అడిగాడు. కుర్చీలో నేను కాస్త వెనక్కి వాలి కూర్చున్నట్టు కూడా గుర్తు. ఇంతకీ మీరిద్దరూ ఎక్కడ వేసేవాళ్లు అని మాటల్లో మాటగా అడిగాడు.

బొల్లారం చెరువులోనండి అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఎప్పుడూ అక్కడికేనా అని ఆయన అంటే, ఎప్పుడూ అక్కడికేనండి, మేమిద్దరం ఇంకో చోటికి వెళ్లిందే లేదు అన్నాను. ఆ రెండో మాట నన్ను ఎవరూ అడగలేదు. గాలం వేసేవాడికి అబద్ధం ఒక్కటి చాలదు, దానికి గోడలూ కప్పూ కూడా కట్టాలి. పక్కన కూర్చున్న గుమాస్తా అంతా ఇంగ్లీషులో రాసి, చదివి వినిపించాడు. సంతకం చేశాను. కుంట గుట్టు కాపాడానని బయటికి వస్తూ లోపల చిన్న గర్వం కూడా కలిగింది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండాలోనే నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఆ ఉత్తరంలో ఏముందో అప్పుడు చెప్పాడు.

"మౌలాలి అని ఉంది భాయ్ ఆ లెటర్ల. ప్రతి జుమ్మాకు భుజానికి లంబా సంచి ఏసుకొని మౌలాలి దిక్కు పోతుండె, గా సంచిల బందూకులుండె అని రాసిండ్రు. అవ్, పోయిన, చేపలకు పోయిన, నాతోని నువ్వు సుత ఉంటివి అని నేను చెప్పిన. నువ్వేమో మౌలాలికి పోనే పోలే అన్నవంట."

తప్పంతా నాదేనని, అలవాటులో వచ్చేసిందని ఏదో గొణిగాను. అతను కోప్పడలేదు. అలవాటు సంగతి అతనికి నేను చెప్పేదేముంది, ఆ ఒట్టు ఇద్దరం కలిసి పెట్టుకున్నదే.

"నాకెరుకనే. నువ్వు ఒక్కపారి పోయి నిజం చెప్పు, గంతే" అన్నాడు.

రేపే వెళ్తానన్నాను. మరునాడు వెళ్లలేదు. ఆ మరునాడూ వెళ్లలేదు. కారణాలకేం కొదవ. మా ఆవిడకు ఏడో నెల. నాది నిజాం సర్కారు ఇచ్చిన ఉద్యోగం, కొత్త సర్కారు ఎవరిని ఉంచుతుందో ఎవరిని పంపుతుందో రోజుకో పుకారు. సంతకం పెట్టిన మాట అబద్ధమని చెప్పుకున్న గుమాస్తాను ఎవరు ఉంచుకుంటారు? ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా అన్నిటినీ కలిపి ఒక్క మాటలో చెప్పవచ్చు, నేను పిరికివాణ్ణి.

ఆ శనివారం అధికారే నన్ను వరండాలో ఆపి, రేపు ఆదివారం కదా, బొల్లారం చూపిస్తారా అన్నాడు. కాదనలేకపోయాను. ఆరాధన మానుకుని ఆయన జీపులో వెళ్లాను. దారంతా, ఇప్పుడు చెప్పేద్దాం, ఆ మలుపు దాటాక చెప్పేద్దాం అనుకుంటూనే ఉన్నాను. చెరువు వచ్చేసింది. జీవితంలో ఆ చెరువు గట్టు మీద అంతకు ముందు నేను ఒక్కసారో రెండుసార్లో నిలబడి ఉంటాను. ధీమాగా ముందు నడిచి, చూస్తుండగానే మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. ఆయన చెయ్యి అందించి బయటికి లాగాడు. వానలకు ఒడ్డు మారిపోయిందండీ అన్నాను. అవునవును అన్నాడు.

రెండు గంటలు చెంచా వేశాను. నాచు తప్ప ఏమీ రాలేదు. ఆయన తన ఇంగ్లీషు చెంచాను చాలా బాగా లాగుతున్నాడు, నాకంటే బాగా. ఆయనకూ ఏమీ రాలేదు. ప్రతి శుక్రవారం ఇక్కడ బుట్ట నింపుకునేవాణ్ణని చెప్పిన మనిషిని నేను. అప్పుడు తూము పక్కన నీటి మీద బుడగలు కనిపించాయి, కింద ఎర్రటి ముద్ద. సంచిలో అతను నా కోసం చేసిన బెండు కప్ప ఒకటి ఉంది. అది కట్టి, ముద్దకు అవతల పడేట్టు విసిరి, నేరుగా పిల్లల మీదుగా లాగాను. ఆపలేదు, లెక్కపెట్టలేదు, టపా బండిలాగే లాగాను. నీళ్లు బద్దలయ్యాయి.

మూరన్నర పొడుగు చేప అది. అధికారి భుజం తట్టి శభాష్ అన్నాడు. నేను ఒడ్డున కూర్చుని గాలం ఊడదీస్తుంటే తూము దగ్గర నీళ్లు తుకతుకమని ఉడికినట్టయ్యాయి. మిగతా చేపలు మూగాయి. కాసేపటికి ఆ ఎరుపు కనబడలేదు. ఇంటికి తెచ్చిన చేపను మా ఆవిడ వండింది. నేను తినలేదు. కడుపు బాలేదని చెప్పాను, ఇంకో అబద్ధం.

సోమవారం పొద్దున నేనే ఆయన గదిలోకి వెళ్లాను. ఇంతకాలానికి నేను చేసిన ఒక్క మంచి పని అదే, అదీ సగమే. మేం వెళ్లింది మౌలాలి కుంటకేనని, బొల్లారం అన్నది చోటు దాచే అలవాటు కొద్దీ అన్న మాటేనని నిలబడే చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. బల్ల మీది చెంచాను తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకు తెలుసండీ. ప్రతి వారం వచ్చేవాడికి బురద ఎక్కడుందో తెలియదా? గాలం వేసేవాడెవడూ మొదటిసారి అడిగితే చోటు చెప్పడు, నేనూ చెప్పను. కానీ నాకు తెలిసినది ఫైల్లోకి రాదు. మీరు సంతకం చేసినదే వస్తుంది."

తెల్ల కాగితం ఒకటి నా వైపు జరిపాడు. ముందు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని మీ చేత్తో రాసివ్వండి, దానివల్ల మీకేమవుతుందో మాత్రం నా చేతిలో లేదు అన్నాడు. బెదిరించినట్టు కాదు, మర్యాదగానే అన్నాడు. కలం కూడా మూత తీసి పెట్టాడు. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో కూర్చుని సరిగ్గా రాసి రేపు తెస్తానని చెప్పి వచ్చేశాను. రెండు వాక్యాల సంగతి. దానికి ఇల్లెందుకు?

ఇంట్లో మా ఆవిడకు మొత్తం చెప్పాను. మౌలాలి సంగతి ఆమెకు తెలియడం కూడా అదే మొదలు. ఇన్నాళ్లూ నాతోనూ బొల్లారమనే అన్నారు కదా అంది. తర్వాత సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టింది. "నాతో ఆడిన అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇది ఆయన నోటికాడి కూడు తీస్తుంది. రాయండి" అంది. ఏడు నెలల కడుపుతో గోడకు ఆనుకుని నిలబడింది. భయపడాల్సిన మనిషి ఆమె. భయపడింది నేను. తేదీ వేశాను, పైన అధికారి హోదా రాశాను, అక్కడ ఆగిపోయాను. మరునాడు తల నొప్పి అని దఫ్తరుకు వెళ్లలేదు. ఆ తర్వాతి రోజు వెళ్తే, ఆయన ఎదురుపడి కాగితం గురించి అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణేమో అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ నెలాఖరుకు అతన్ని ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఆర్డరు వచ్చింది. సామాను తీసుకోవడానికి అతను దఫ్తరుకు వచ్చిన రోజు నేను రికార్డు గదిలో బీరువాల వెనక ఉన్నాను. నా గురించి అడిగాడట. లేనని చెప్పించాను. తర్వాత పెళ్లాం పిల్లలతో బొంబాయిలో అన్న దగ్గరికి వెళ్లిపోయాడని గల్లీలో విన్నాను. అక్కడ ఏం పని చేశాడో తెలీదు. నేను ఉత్తరం రాయలేదు, అతని నుంచీ రాలేదు. గాలం మానేశానా అంటే మానలేదు. మరుసటి ఏడు వానలు పడగానే మౌలాలి కుంటకు ఒక్కణ్ణే సైకిలు తొక్కాను. తామరాకుల మధ్య చెంచా వేసి, నాచు పీకుతూ పొద్దంతా గడిపాను. దారిలో తెలిసినవాళ్లు ఎవరైనా అడిగితే బొల్లారం అనే చెప్పాను.

విచారణ ఫైలు పైనుంచి కిందికి తిరిగి, మూసేసి, రికార్డులో పెట్టమని నా బల్ల మీదికి రావడానికి ఏడాది పైన పట్టింది. రికార్డు గుమాస్తా ఫైలు అందుకుంటే ముందు కాగితాలు వరసగా ఉన్నాయో లేదో చూసి, పేజీలకు అంకెలు వేయాలి. ఆకాశరామన్న ఉత్తరానికి వేశాను. అతని వాంగ్మూలానికి వేశాను. నా వాంగ్మూలానికి, నా సంతకానికి వేశాను. ఇక ఆర్డరు ఉంటుందనుకుంటే, దానికి ముందు ఇంకో కాగితం ఉంది. అది అతనిది, రెండోసారి ఇచ్చినది. నేను తల నొప్పి అని ఇంట్లో పడుకున్న రోజు తేదీ ఉంది. ఇంగ్లీషులో టైపు చేసి, కింద అతని ఉర్దూ సంతకం. అందులో అతను చెప్పింది ఇదీ: నేను మౌలాలికి చేపల కోసం వెళ్లానని చెప్పినది పొరపాటు. నా మిత్రుడు చెప్పినదే నిజం. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. అతని మీద ఏ చర్యా తీసుకోవద్దని మనవి.

ఆ పేజీకి కూడా అంకె వేసి, ఫైలు కట్టి, అరలో పెట్టాను.